దారం, తాళంకప్పతో గురుత్వ క్షేత్రాన్ని కొలవడం ఎలా?

గురుత్వ క్షేత్రం అనే మాట పుస్తకంలో కనబడగానే చాలామంది పిల్లలకి టెన్షన్ మొదలవుతుంది. అర్థం తర్వాత చూద్దాం, ముందు ఇంట్లోనే దాన్ని కొలిచేద్దాం.

గట్టి సన్నని దారానికి చిన్న తాళంకప్ప కట్టి, గుమ్మం పైనున్న మేకుకి వేలాడదీయండి. పైముడి నుంచి కప్ప మధ్య భాగం దాకా సరిగ్గా 1 మీటరు ఉండాలి, దారం ఒక్కటే కొలిస్తే లెక్క తప్పుతుంది. పక్కకి బెత్తెడు లాగి, తొయ్యకుండా వదిలేయండి. అంతకంటే బాగా ఎక్కువ లాగితే మనం వాడబోయే సూత్రం సరిగ్గా పనిచేయదు.

ఇప్పుడు ఊపులు లెక్కపెట్టాలి. అటు వెళ్లి, తిరిగి మొదలైన చోటికి వస్తేనే ఒక ఊపు. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే: ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కుతూనే "ఒకటి" అనేస్తారు, దాంతో ఇరవై అనుకున్నవి నిజానికి పంతొమ్మిదే అవుతాయి. నొక్కేటప్పుడు "సున్నా" అనండి. ఒక్క ఊపుకే టైమ్ చూడొద్దు, వేలు నొక్కడంలో జరిగే ఆలస్యమే పెద్ద తప్పయిపోతుంది. 20 ఊపులకి చూసి 20తో భాగిస్తే ఆ తప్పు బాగా తగ్గుతుంది.

20 ఊపులకి 40.2 సెకన్లు వచ్చాయనుకోండి. ఒక ఊపుకి 2.01, దాని వర్గం 4.04. మీటర్లలో పొడవుని 39.5తో (4π² విలువ ఇది, π అంటే సుమారు 3.14) గుణించి 4.04తో భాగిస్తే 9.78 వస్తుంది.

అంటే మీ గుమ్మం దగ్గర భూమి ప్రతి కిలో ద్రవ్యరాశినీ దాదాపు 9.8 న్యూటన్ల బలంతో లాగుతోంది. ఒక చోట ఒక్కో కిలో మీద ఎంత లాగుడు ఉందో చెప్పేదే ఆ చోటి క్షేత్ర తీవ్రత. అక్కడ వస్తువు ఉన్నా లేకపోయినా, ఉన్నది ఎంత బరువైనదైనా ఆ విలువ అంతే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే పెద్ద తాళంకప్ప కట్టి, పొడవు మళ్లీ 1 మీటరుకే సరిచేసి చూడండి, టైమ్ మారదు. నాకైతే ఈ ప్రయోగం మొత్తంలో ఇదే అన్నిటికంటే అందమైన విషయం.

దూరం పెరిగితే? భూమి కేంద్రం నుంచి మనం సుమారు 6,371 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. దూరం రెట్టింపైతే క్షేత్రం నాలుగో వంతుకి పడిపోతుంది, కానీ 400 కిలోమీటర్లు పైకెళ్లినా ఇంకా 8.7 దాకా ఉంటుంది. దాదాపు అంత ఎత్తులో తిరిగే అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తేలేది అక్కడ గురుత్వం లేక కాదు, ఆ అంతరిక్ష కేంద్రంతో పాటే వాళ్లూ భూమి వైపు నిరంతరం పడిపోతూ ఉండటం వల్ల.

చంద్రుడి మీద క్షేత్రం 1.62 మాత్రమే. ఇదే దారం, ఇదే తాళంకప్ప అక్కడ 20 సార్లు ఊగడానికి సుమారు 99 సెకన్లు తీసుకుంటుంది.