గౌను సంగతి తర్వాత, ముందు జేబు కుట్టండి

18వ శతాబ్దపు ఇంగ్లండ్ దుస్తులు కుట్టాలని సరదా పుట్టగానే చాలామంది నేరుగా గౌను మీద పడతారు, గజాలకు గజాలు గుడ్డ కొనేసి సగంలో వదిలేస్తారు. నా మాట విని జేబుతో మొదలుపెట్టండి. అప్పట్లో ఆడవాళ్ల జేబు బట్టకు కుట్టి ఉండేది కాదు. సంచిలా విడిగా ఉండేది, దాన్ని బొందుతో నడుముకు కట్టుకుని పైన లంగాలు, ఆపైన గౌను వేసుకునేవాళ్లు. లంగా, గౌను పక్క కుట్లలో వదిలిన సందుల్లోంచి లోపలికి చెయ్యి పెట్టేవాళ్లు.

అర మీటరు లినెన్ చాలు, దొరక్కపోతే ఉతికి గంజి వదిలించిన మందపాటి కాటన్. పాలిస్టర్ కలిసిన గుడ్డ మాత్రం వద్దు, వేలితో నొక్కితే మడత నిలవదు. కాగితాన్ని నిలువుగా మడిచి సగం బొమ్మ గీసి కత్తిరించండి: విప్పితే పొడవు 15 అంగుళాలు, పైన వెడల్పు 5, కింద 10, అడుగు గుండ్రంగా రావాలి. దాంతో రెండు ముక్కలు. అంచుకు పట్టీ వేస్తాం కాబట్టి కుట్టుకని అదనంగా వదలక్కర్లేదు.

ముందు ముక్కకు పైనుంచి నడిమధ్యగా 7 అంగుళాల చీలిక పెట్టండి. అసలు పనితనమంతా ఈ చీలిక అడుగు కొస దగ్గరే ఉంది. చెయ్యి దూరిన ప్రతిసారీ బరువు అక్కడే పడుతుంది, జేబు చిరిగితే ముందు అక్కడే చిరుగుతుంది. అందుకే చీలికను రెండు వైపులా లాగి దాదాపు సరళరేఖలా పరిచి, కొస దగ్గర గుడ్డ కాస్త ఎక్కువ పట్టేలా సన్న పట్టీ వేసి, దగ్గర దగ్గరగా నాలుగు కుట్లు అదనంగా వేయండి. దారాన్ని ముందే తేనెమైనం మీద రెండుసార్లు లాగితే చిక్కుపడదు. మెషిన్ జోలికి పోకండి, సింగర్ పేటెంట్ వచ్చిందే 1851లో!

ఇక రెండు ముక్కలనూ మంచి వైపులు బయటికి వచ్చేలా కలిపి, చుట్టూ కుట్టి, అంచును పట్టీతో కప్పేయండి. పాత జేబులకు నేసిన టేపు ఎక్కువగా కనిపిస్తుంది కానీ, గుండ్రం దగ్గర క్రాస్ పట్టీ (గుడ్డను ఐమూలగా కత్తిరించిన పట్టీ) తేలిగ్గా తిరుగుతుంది, కొత్తవాళ్లకు అదే నయం. చివరికి పైఅంచుకు నడుము బొందు.

ముందు ముక్కకు కలంకారీ వాడొచ్చా? నిక్షేపంగా. మన కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టలకు అక్కడ ఎంత గిరాకీ అంటే, వాళ్ల ఉన్ని, పట్టు నేతగాళ్లు గోల చేసి 1721లో అద్దకం నూలు బట్టలపై నిషేధ చట్టమే తెప్పించారు, అది 1774 దాకా నడిచింది. అద్దకం పీలికలు అతికిన జేబులు మ్యూజియాల్లో ఇప్పటికీ ఉన్నాయి. పెడనలో అచ్చులతో అద్దిన గుడ్డ కొంటుంటే తెల్లటి నేల మీద లతలు, పూలు ఉన్నది ఏరుకోండి, అప్పటి సరుకుకు అది దగ్గరగా ఉంటుంది.

జేబులో ఏముండేవో తెలియాలంటే లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు రికార్డులు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవండి. దొంగతనం కేసుల్లో పోయిన వస్తువులన్నీ రాసి ఉంటాయి, మామూలు మనుషుల బతుకు అక్కడ దొరికినంతగా రాణుల చిత్రపటాల్లో దొరకదు.

తర్వాత లంగా కుట్టేటప్పుడు ఈ జేబు కట్టుకున్నాకే కొలతలు తీసుకోండి. తాళాలు, చిల్లర వేసుకుని చెయ్యి ఎక్కడికి పోతుందో చూసి, సరిగ్గా అక్కడ పక్క కుట్టు 9 అంగుళాలు వదిలేయండి.