వకీలు ఆఫీసులో కేసుల సాఫ్ట్‌వేర్ – నాలుగో పాఠం: ఒక ఎఫ్ఐఆర్, ఏడుగురు ముద్దాయిలు

గత పాఠంలో ఒక్క ముద్దాయి ఉన్న కేసును ఎక్కించాం. ఈసారి ఒకే నేరంలో చాలామంది ఉన్న కేసు. జూనియర్లు, గుమాస్తాలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. మీ దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా, ఉత్త ఎక్సెల్ షీటే ఉన్నా పద్ధతి ఒక్కటే.

ఒక హత్యాయత్నం కేసు అనుకుందాం. ముద్దాయిలు ఏ1 నుంచి ఏ7 దాకా (చార్జిషీట్‌లో వాళ్లకిచ్చే వరుస నంబర్లు) ఏడుగురు. చార్జిషీట్ పడి మేజిస్ట్రేట్ కోర్టులో పీఆర్‌సీ నంబరు (సెషన్స్ కోర్టుకు పంపాల్సిన కేసుకు అక్కడ ఇచ్చే నంబరు) వచ్చింది. ఏ7 పరారీ. అతని కోసం మిగతా ఆరుగురి కేసు ఆగకూడదని కోర్టు ఏ7 కేసును మాత్రం విడదీసి వేరే పీఆర్‌సీ నంబరు ఇచ్చింది. ఏ1–ఏ6 కేసు సెషన్స్‌కు కమిట్ అయి, అంటే విచారణ కోసం సెషన్స్ కోర్టుకు వెళ్లి, ఎస్‌సీ (సెషన్స్ కేసు) నంబరు వచ్చింది. ఏడాది తర్వాత ఏ7 దొరికాడు, అతని కేసూ కమిట్ అయింది. ఇప్పుడు ఒకే ఎఫ్ఐఆర్‌కు నాలుగు నంబర్లు.

ఈ నాలుగింటినీ ఒకే ఎంట్రీలో కుక్కేయకండి. ప్రతి నంబరుకూ వేరే ఎంట్రీ, అందులో దాని 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు). వాటిని కలిపేవి పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం. ఈ మూడూ ప్రతి ఎంట్రీలో ఒకేలా ఉండాలి. విడిపోయిన కేసు ఎక్కడుందో తెలియకపోతే ఈకోర్ట్స్ (కోర్టు కేసుల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్)లో ఎఫ్ఐఆర్ నంబరుతోనే వెతకండి. పేరుతో వెతికితే ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్క అక్షరం మారినా దొరక్కపోవచ్చు.

ముద్దాయిలను ఒకే గడిలో కామాలు పెట్టి రాయడం చాలా ఆఫీసుల్లో చూస్తాం. వద్దు. మనిషికో వరుస ఇవ్వండి. బెయిలు, వారంటు, వకాలతు మనిషిని బట్టి మారతాయి, కేసును బట్టి కాదు. ఏ3 వాయిదాకు రాక ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారంటు) పడితే అది ఏ3 వరుసలోనే కనిపించాలి. ఏ4 చనిపోతే అతని మీద కేసు అబేట్ అవుతుంది (అక్కడితో ముగుస్తుంది), అయినా వరుస తీసేయకండి, తేదీతో స్థితి మార్చండి. విడదీసిన కేసులోనూ ఏ7ను చార్జిషీట్‌లో ఉన్నట్టు ఏ7గానే ఉంచండి. ఏ1 అని మారిస్తే రేపు సాక్షి వాంగ్మూలం చదివేటప్పుడు ఎవరెవరో అర్థం కాదు.

ఇక కలపడం. రెండు ఎస్‌సీలూ ఒకే కోర్టులో ఉన్నాయి కదా అని మనంతట మనం క్లబ్ అయినట్టు (కలిపి విచారిస్తున్నట్టు) గుర్తు పెట్టకూడదు. ఒకే ఘటనలో ఒకే నేరం మోపిన వాళ్లను కలిపి విచారించడానికి క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే బీఎన్ఎస్ఎస్ చట్టం సెక్షన్ 246 (పాత సీఆర్‌పీసీ 223) వీలిస్తుంది, కానీ ఆర్డరు కోర్టుదే. ఆర్డరు వచ్చాక ఒకటి మెయిన్, రెండోది లింక్డ్, పక్కన ఆర్డరు తేదీ. రెండు నంబర్లూ బతికే ఉంటాయి, వాయిదా రెండింట్లోనూ ఎక్కాలి.

ఏ1–ఏ6 కేసులో సాక్షులు అప్పటికే చెప్పేసి ఉంటే కలపడం సాధారణంగా కుదరదు. ఏ7 లేనప్పుడు చెప్పిన సాక్ష్యాన్ని మామూలుగా అతని మీద వాడలేరు, అతని విచారణ విడిగానే నడుస్తుంది. అయినా లింకు ఉంచండి. అదే సాక్షి ముందు ఒక మాట, ఇప్పుడు ఇంకో మాట చెబితే పాత వాంగ్మూలం సర్టిఫైడ్ కాపీయే ఏ7కు ఆధారం. ఆ కాపీ ఏ ఫైల్లో ఉందో సీనియర్ గారికి క్షణంలో దొరకాలి. ఒక మనిషి జైలుకు వెళ్తాడా లేదా అన్నది ఆ కాగితం మీద ఆధారపడవచ్చు.

కేసు, కౌంటర్ కేసు సంగతి వేరు. రెండు వర్గాలు కొట్టుకుని ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులను ఒకే జడ్జి వెంటవెంటనే విని, తీర్పులు విడివిడిగా ఇవ్వాలని నాథీలాల్ కేసులో (1990) సుప్రీంకోర్టు చెప్పింది. ఒకదాని సాక్ష్యం ఇంకోదానికి పనికిరాదు. కాబట్టి వీటికి లింక్డ్ అని కాక కౌంటర్ అని వేరే గుర్తు పెట్టండి, ఎఫ్ఐఆర్ నంబర్లూ రెండుంటాయి.

వచ్చే పాఠంలోపు మీ ఆఫీసులో ముగ్గురికి మించి ముద్దాయిలున్న కేసు ఒకటి తీసుకుని, ఎఫ్ఐఆర్ నంబరుతో ఎన్ని కేసులు పుట్టాయో వెతికి, మనిషికో వరుస రాయండి. ఆ పట్టికలోకే ఐదో పాఠంలో బెయిలు షరతులు, పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టాల్సిన తేదీలు ఎక్కిద్దాం.