కీళ్లవాతానికి వైద్యం ఎలా చేయించాలి? వారం గోలీతో పైలం

మా ఇంట్లో ముగ్గురికి కీళ్ల జబ్బు ఉంది, ఊళ్లో ఇంకో పది పన్నెండు మందిని నేనే వెంటబెట్టుకొని దవాఖానకు తీసుకుపోయాను. అందరూ చేసే తప్పు ఒకటే. నొప్పి మొదలవగానే ఆర్‌ఎంపీ దగ్గర సూది, నాలుగు రోజులు హాయి, మళ్లీ సూది. ఆ సూదుల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. పైకి వాపు తగ్గుతుంది, లోపల కీలు పాడవుతూనే ఉంటుంది. వేళ్లు వంకర పోయాక హైదరాబాద్ బస్సెక్కితే, ఆ వంకర గోలీలతో పోదు.

1. ఏ నొప్పో కనిపెట్టండి

అన్నిటినీ వాతమనే అంటాం గానీ ఆర్థరైటిస్‌లో, అంటే కీళ్ల జబ్బుల్లో, వందకు పైగా రకాలున్నాయి. మోకాళ్ల అరుగుదలైతే నడిస్తే, మెట్లెక్కితే నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది, పొద్దున పట్టేసినా అరగంటలో వదులుతుంది. రుమటాయిడ్, అంటే అసలు కీళ్లవాతం, అట్లా కాదు. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాచి, పొద్దున గంట దాటినా బిగుసుకునే ఉంటాయి. మా చిన్నమ్మ జొన్నపిండి పిసకలేక, ఏడింటికి చేసే రొట్టెలు పదింటికి చేయడం మొదలుపెట్టింది. మేమేమో బద్ధకం అనుకున్నాం, అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్ (యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే కీళ్ల జబ్బు) కావచ్చు. చికున్‌గున్యా జ్వరం తగ్గాక నెలల తరబడి ఉండే నొప్పులు వేరు.

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగి, ఇప్పుడు మెడ తిరగక, నడుము వంగక ఉంటే అది ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు, కావచ్చు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏ ఊళ్లో, ఎన్నేళ్లు, ఏ నీళ్లు తాగారో డాక్టర్ అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.

2. డాక్టర్, టెస్టులు

అరుగుదలకు ఎముకల డాక్టర్ చాలు. బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం, అవసరమైతే ఆపరేషన్. కీళ్లు వాచి ఉంటే మాత్రం రుమటాలజిస్ట్ (కీళ్లవాతం చూసే డాక్టర్) దగ్గరికే పోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. పాత చీటీలు, ఎక్స్‌రేలు, ఇప్పుడు వాడే గోలీలు ఒక సంచిలో వేసుకొని పొద్దున్నే పోండి.

ఈఎస్ఆర్, సీఆర్పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు రాస్తారు. ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చిందని సంబరపడి ఇంటికి రావొద్దు, జబ్బు ఉన్నా నెగెటివ్ రావొచ్చు, లేకున్నా పాజిటివ్ రావొచ్చు.

3. వారం గోలీ

ఇక్కడే ప్రాణం మీదికి వస్తుంది. రుమటాయిడ్‌కు ఎక్కువగా రాసేది మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్క రోజే. రోజూ కాదు. చిన్నమ్మకు మందుల షాపులో కవరు మీద "రాత్రికి ఒకటి" అని రాసిచ్చారు, ఆమె తొమ్మిది రోజులు వేసుకుంది. నోరంతా పుండ్లు, మంచినీళ్లు కూడా మింగలేకపోయింది, రక్తకణాలు పడిపోయి ఆస్పత్రిలో చేర్చాం. ఈ మందు రోజూ వేసుకుని చనిపోయినవాళ్లున్నారు.

కాబట్టి గోలీ వేసుకునే రోజు మీ ఊరి అంగడి (వారపు సంత) రోజే అయి ఉండాలి. ఫోన్ అలారం పెడతామంటారు పిల్లలు, ఫోన్ పిల్లల చేతిలోనే ఉంటుంది కదా! అంగడి రోజును మాత్రం ఊళ్లో ఎవరూ మరవరు. డబ్బా మీద తెలుగులో పెద్దగా "అంగడి నాడు మాత్రమే" అని రాయండి. బీపీ, షుగర్ గోలీల డబ్బాలో కలపొద్దు, విడిగా పెట్టండి. ఒక్క వారానికి సరిపడా తీసి ఇచ్చే పని ఇంట్లో ఒక్కరికే అప్పగించండి, ఇద్దరు చూస్తే రెండుసార్లు ఇస్తారు. ఒక వారం మరిచిపోతే తర్వాతి వారం రెండింతలు వేయకండి, డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి.

దీంతోపాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ గోలీ రాస్తారు, అది వేరే రోజు. రెండూ పసుపుగా, చిన్నగా ఉండి ఒకదాన్ని ఒకటి అనుకుంటారు, అందుకే రెండు డబ్బాలు.

నోట్లో పుండ్లు, జ్వరం, ఆగని దగ్గు, ఆయాసం, ఒంటి మీద కమిలిన మచ్చలు, వీటిలో ఏది కనిపించినా తర్వాతి గోలీ ఆపి అదే రోజు దవాఖానకు పోవాలి. డాక్టర్ చెప్పిన తేదీకి రక్తపరీక్ష, లివర్ పరీక్ష తప్పనిసరి. కల్లు, సారా రెండూ మానేయాలి. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు, గర్భిణులు దీన్ని ముట్టొద్దు, ముందే డాక్టర్‌కు చెప్పాలి. జ్వరానికో మూత్రంలో మంటకో వేరే డాక్టర్ దగ్గరికి పోయినా ఈ గోలీ వాడుతున్నట్టు చెప్పండి, కొన్ని యాంటీబయాటిక్స్ దీంతో కలిస్తే ప్రమాదం.

4. ఆగండి

ఇది సూదిలాగా మర్నాటికి పనిచేయదు. ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నెల కాకముందే "పనిచేయట్లేదు" అని మానేసి చెట్ల మందుకు పోయినవాళ్లను నలుగురిని చూశాను. మూడు నెలలు దాటినా పొద్దున గంట బిగుసుకునే ఉంటే గోలీ మానేయకండి, సంచి పట్టుకొని అదే డాక్టర్ దగ్గరికి పోండి. మోతాదు పెంచుతారు, లేదా ఇంకో మందు కలుపుతారు. చిన్నమ్మకు రెండో మందు కలిపాకే వేళ్లు వదిలాయి.