పాత మియాటాను నీటి నుంచి కాపాడుకోవడం ఎలా

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్దా కంపెనీ తొలిసారి చూపించిన మియాటా, స్పోర్ట్స్ కారును సొంతంగా బాగుచేసుకోవాలనుకునే వారికి ఇప్పటికీ ఎంతో అనువైన బండి. ముందున్న ఇంజను వెనుక చక్రాలను తిప్పే సాదా అమరిక కావడంతో చాలా భాగాలు చేతికి అందుతాయి. మొదటి తరం బండ్లలో వాల్వులను సరైన వేళకు తెరిచి మూసే టైమింగ్ బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు కాబట్టి ఇంజను పాడవదు. అయినా బెల్టును 60,000 మైళ్లకు ఒకసారి మార్చవలసిందే. ఇంత గట్టి బండిని నిజంగా తినేసేది వేగం కాదు, నీరు. అది పైనుంచి వానగానూ, బ్రేక్ ఆయిల్‌లో తేమగానూ లోపలికి చేరుతుంది.

ముందుగా వాన నీటి సంగతి. మడిచే గుడ్డ పైకప్పు మీద పడిన నీరు వెనుక అంచులోని కాలువలోకి జారి, సీట్ల వెనుక రెండు పక్కలా ఉన్న రంధ్రాల ద్వారా గొట్టాల్లోకి దిగి, వెనుక చక్రాలకు కాస్త ముందు నేల మీద పడాలి. ఆకులూ మట్టీ పేరుకుని ఆ దారి మూసుకుపోతే, నీరు కార్పెట్ కిందికీ, తలుపు కింది సిల్ లోపలికీ చేరుతుంది. సిల్ లోపలినుంచే తుప్పు పడుతుంది కాబట్టి, బయట పెయింటు బుడగలు లేచేసరికే రేకు చాలావరకు పోయి ఉంటుంది. చౌకగా దొరుకుతోందని ఈ బండి కొనేవారు అన్నిటికన్నా ముందు వెనుక చక్రాల ముందున్న ఆ చోటును వేళ్లతో నొక్కి చూడాలి. రంధ్రాలను శుభ్రం చేయడానికి గడ్డి కోసే యంత్రంలో వాడే మెత్తని నైలాను దారం చాలు. గట్టి తీగ గుచ్చినా, గాలి ఒత్తిడితో ఊదినా గొట్టం ఊడే ప్రమాదం ఉంది. తర్వాత ఒక్కో పక్కా గ్లాసుడు నీళ్లు పోసి, కింద ధారగా కారుతున్నాయో లేదో వంగి చూడాలి.

బ్రేక్ ఆయిల్ విషయంలో మరింత శ్రద్ధ అవసరం. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బ్రేక్ ఆయిల్ రకాలను డాట్ అంకెలతో గుర్తిస్తారు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ చేరాక ఆ కనీస హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు అవే హద్దులు 230, 155. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తబడి కిందికి పోతుంది. అందుకే రెండేళ్లకు ఒకసారి మార్చడం మంచిది. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం కాబట్టి దాన్ని వీటితో కలపకూడదు.

ఆయిల్ మార్చడానికి ముందు చక్రాలకు అడ్డు పెట్టి, బండిని జాకీతో లేపాక తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎవరూ దూరవద్దు. బ్రేక్ ఆయిల్ డబ్బాలోని పాత ఆయిల్‌ను తోడేసి కొత్తది నింపి, దానికి దూరంగా ఉన్న వెనుక చక్రంతో మొదలుపెట్టాలి. సహాయకుడు పెడల్ తొక్కగానే, చక్రం దగ్గర పాత ఆయిల్‌ను బయటికి వదిలే చిన్న మర అయిన నిపిల్‌ను వదులు చేసి, పాదం తీయకముందే బిగించాలి. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను నెట్టే పాత మాస్టర్ సిలిండర్ అడుగున తుప్పు ఉంటే సీళ్లు కోసుకుపోతాయి కనుక, పెడల్ పూర్తిగా నేలకు తగలకుండా కింద చెక్క ముక్క పెట్టడం మేలు. మధ్యలో డబ్బా ఖాళీ అయితే గాలి చొరబడి పని మొదటికొస్తుంది. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీటితో కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది.

వెనుక బ్రేక్ ప్యాడ్లు మార్చేటప్పుడు చాలామంది, వాటిని డిస్కుకు నొక్కే పిస్టన్‌ను క్లాంపుతో బలవంతంగా లోపలికి నొక్కి, ఆ పిస్టన్ ఉండే క్యాలిపర్‌ను పాడుచేస్తారు. అలా చేయనే కూడదు. క్యాలిపర్ వెనుక ఒక చిన్న బోల్టు మూతగా ఉంటుంది. దాన్ని విప్పి లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పెట్టి ఎడమకు తిప్పితే పిస్టన్ దానంతటదే వెనక్కి వెళ్తుంది. హ్యాండ్‌బ్రేక్ వదిలి ఉంచి కొత్త ప్యాడ్లు బిగించాక, అదే కీని కుడికి తిప్పుతూ ప్యాడ్లు డిస్కును పట్టుకున్నాయని తెలియగానే ఆపి, మూడో వంతు చుట్టు వెనక్కి వదలాలి. చక్రం చేత్తో తిరుగుతూ ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ పట్టడం లేదని కేబుల్ మార్చేవారిలో చాలామందికి నిజానికి కావలసింది ఈ సర్దుబాటే.

చక్రాల నట్లను టార్క్ రెంచితో 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య, ఎదురెదురు క్రమంలో బిగించాలి. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే వరకు తొక్కాలి. ఖాళీ వీధిలో నెమ్మదిగా నడిపి ఆపి చూశాక, మర్నాడు ఒకసారి నిపిళ్ల దగ్గర తడి ఉందేమో, డబ్బాలో మట్టం తగ్గిందేమో గమనించాలి. క్లచ్‌కు కూడా ఇదే రకం ఆయిల్ వాడతారు కనుక, ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను కదిలించే, గేర్ బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగును కూడా ఎత్తి చూడండి. లోపల తడి కనిపిస్తే, క్లచ్ దారిలో మొరాయించక ముందే సిలిండర్‌ను మార్చుకోండి.