కుక్క గాయం కడిగే ముందు

ఎంత మచ్చికైన కుక్కైనా నొప్పిలో కరుస్తుంది. మెత్తటి గుడ్డపీలికతో మూతి కట్టండి. ఆయాసపడుతున్నా, వాంతి చేసుకుంటున్నా మాత్రం కట్టవద్దు.

– అర లీటరు నీళ్లు కాచి చల్లార్చి, టీస్పూను ఉప్పు కలిపి ఉంచుకోండి.
– గాయం చుట్టూ బొచ్చు కత్తిరించండి. అట్టకట్టిన బొచ్చు కిందే ఈగలు గుడ్లు పెడతాయి. చెవి వెనుక, తోక మొదట్లో విడదీసి చూడండి.
– స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయవద్దు.
– మనం వాడే నొప్పి మాత్రలు అస్సలు వద్దు. ఐబుప్రొఫెన్ కుక్క ప్రాణం మీదికి తెస్తుంది.

పది నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోయినా, పురుగులు కనిపించినా, కంటికో ఛాతీకో దెబ్బ తగిలినా ఇంట్లో ప్రయత్నాలు మాని పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. మరో కుక్క కరిచినా అంతే: పైకి బియ్యపు గింజంత రంధ్రమే, లోపల కండ చీలి ఉండవచ్చు.

మీకు పన్ను దిగితే 15 నిమిషాలు సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.