తలుపు తీసేసరికి ముగ్గు వేసి ఉంది

సైకలాజికల్ థ్రిల్లర్ సినిమాకి ఓపెనింగ్ సీను, రెండు నిమిషాలు. ఫైనలియర్‌లో మాకిచ్చిన ప్రాజెక్టు ఇది. క్లాసులో సగం మంది నల్ల హుడీ, పగిలిన అద్దం, రక్తం మరకలతో వచ్చారు. నా మొదటి స్క్రిప్టులోనూ అద్దం ఉంది, దాచడం దేనికి. ఇప్పుడు జూనియర్లు ఎలా ప్లాన్ చేయాలని అడిగితే, ముందు ఆ అద్దం తీసేయమంటాను.

దాని బదులు మీ ఇంట్లో రోజూ జరిగే ఒక పని తీసుకోండి. అందులో ఒక్కటంటే ఒక్కటి తేడా పెట్టండి. ప్రేక్షకుడికి అనుమానం ఇంటి మీద కాకుండా ఆ పని చేసే మనిషి మీద రావాలి. నాకు దొరికింది ముగ్గు. ధనుర్మాసం, ఒంటరిగా ఉండే అమ్మాయి, పొద్దున్నే లేచి ముగ్గు డబ్బాతో తలుపు తీస్తుంది. గడప ముందు అప్పటికే కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి ఉంది. కథ అంతే. మొత్తం కలిపి పేజీన్నర, డైలాగు లేదు.

అసలు ప్లానింగంతా ఏది ముందు చూపించాలి అన్న దగ్గరే ఉంది. మొదట నేను ముగ్గు చూపించి, చివర్లో ఆమె వేళ్ళకున్న పిండి చూపించాను. ఫోన్లో చూసిన స్నేహితురాలు “ఓహో, తనే వేసి మర్చిపోయిందా” అని ఫోన్ తిరిగిచ్చేసింది. దాంతో వరస తిప్పేశాను. చీకట్లో ఫోన్ అలారం మోగుతుంది, టైము 6:10. చెయ్యి వచ్చి ఆపుతుంది. స్క్రీన్ మీద తెల్లటి వేలిముద్ర మిగులుతుంది. అదేమిటో అప్పుడు ఎవరికీ తెలియదు. తర్వాత కిటికీలోంచి డబ్బా తీస్తుంది, రెండు గడియలూ లోపల్నుంచే వేసి ఉన్నాయి, తీస్తుంది. ముగ్గు కనబడగానే చూసేవాళ్ళు ఆ వేలిముద్రను తామే గుర్తు తెచ్చుకుంటారు. ఆమెకింకా తెలియదు. టెన్షన్ ఆ మధ్యలో పుడుతుంది. ఆమె మాత్రం బకెట్టు తెచ్చి కడిగేసి, సరిగ్గా అదే ముగ్గుకి మొదటి చుక్క పెడుతుంది. కట్.

ఫోన్లో అలా టైము చూపించడం చిన్న విషయమే కానీ పనిచేస్తుంది. 1960లో దర్శకుడు హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ సినిమా మొదలవగానే ఊరు, తేదీ, మధ్యాహ్నం 2:43 అని తెర మీద పడుతుంది. అంత కచ్చితంగా చెబితే ఎవరి జీవితంలోకో తొంగి చూస్తున్నట్టుంటుంది.

ఇక షూటింగ్. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యోదయం దాదాపు 6:45కి. దానికి ముందు వచ్చే నీలి వెలుతురు మీకు ఇరవై నిమిషాలకు మించి దొరకదు. అందుకని గది లోపలి షాట్లన్నీ ముందు రోజు రాత్రే తీసేసుకోండి. ఆ ఇరవై నిమిషాలు గడప కోసం ఉంచుకోండి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ పెట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వేరే స్పీడు పెడితే తెర మీద నల్ల చారలు పాకవచ్చు. వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురు రంగు సర్దుబాటు, ఆటోలో వదలకండి, లోపలి పసుపూ బయటి నీలమూ రెండూ పోతాయి.

కంటిన్యుటీ, అంటే షాటు షాటుకీ అన్నీ ఒకేలా కనబడటం, ఆ సంగతి నన్నడగండి. ముగ్గు మా పిన్ని వేసింది: ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క. లెక్కేస్తే 37 చుక్కలు. నాలుగు సార్లు వేయించాను. మూడోసారి మోకాళ్ళు నొప్పని ఎడమ పక్క ఒక రేకు మార్చేసింది. ఎడిటింగులో కూర్చున్నాక గాని చూసుకోలేదు. మా సార్ అదే క్లూ అనుకుని మెచ్చుకున్నారు. నేనూ కాదనలేదు. మీరు మాత్రం ప్రతి టేక్‌కీ ముందు ఫోటో తీసుకోండి. నేల తడి కూడా ఆరిపోతూ రంగు మారుతుంది, ఒక మగ్గు నీళ్ళు దగ్గర పెట్టుకోండి. కడిగే షాట్ ఆఖరున తీయండి.

టైటిల్స్‌లో పేర్లు తెర మీద ఎక్కడ పడాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఎనిమిది పేర్లు, ఒక్కోటి మూడు సెకన్లు అంటే 24 సెకన్లు పోయినట్టే. నేను ప్రతి ఫ్రేములో ఒక పక్క చీకటి గోడ ఖాళీగా వదిలాను.

నటించే అమ్మాయికి “భయపడు” అని చెప్పొద్దు. కళ్ళు పెద్దవి చేసేస్తుంది. నేను “పాలు పొంగిపోయినట్టు విసుక్కో” అన్నాను. ఆ ముఖం చూస్తే నాకే ఒళ్ళు జలదరించింది.

సౌండు విడిగా రికార్డు చేయండి: డబ్బా మూత, గడియ, చీపురు, ఎవరూ ఏమీ చేయని ఖాళీ గది సౌండు ముప్పై సెకన్లు. మాకు లొకేషన్ సౌండులో వెనక గుడి మైకు పడిపోయింది. ఎక్కడ కట్ చేసినా పాట ఎగిరి గంతేసేది. చివరికి వీడియో మాత్రం ఉంచుకుని, ఆ సౌండంతా తీసేసి, మా వంటింట్లో కూర్చుని మళ్ళీ చేశాం. ముగ్గు రాలే చప్పుడు కోసం మైకు పక్కనే కాగితం మీద ఉప్పు జల్లాం.