కెల్టిక్ దేవతలను గురించి చదవడం ఎలా మొదలుపెట్టాలి

కెల్టిక్ దేవతలందరూ ఒకే కుటుంబానికి చెందినవారనీ, సూర్యుడికి ఒకరు, యుద్ధానికి ఒకరు అన్నట్లు వారి మధ్య పనులు పంచి ఉంటాయనీ చాలామంది అనుకుంటారు. వారిని గురించి చదవదలచినవారు ముందుగా ఈ ఊహను విడిచిపెట్టాలి. కెల్టులకు ఒకే రాజ్యం గాని, ఒకే మతగ్రంథం గాని ఎన్నడూ లేవు. దగ్గరి భాషలు మాట్లాడిన అనేక తెగలు గాల్‌లో, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతంలో, అలాగే బ్రిటన్‌లోను, ఐర్లండ్‌లోను నివసించాయి. అందువల్ల నోటుపుస్తకాన్ని మూడు భాగాలు చేసుకోండి: గాల్, రోమన్ బ్రిటన్‌లకు ఒకటి, ఐర్లండ్‌కు ఒకటి, వేల్స్‌కు ఒకటి. ప్రతి దేవత పేరు పక్కన ఆ పేరు ఎక్కడ దొరికిందో, ఎప్పటిదో, ఎవరు రాశారో రాసుకోండి. ఈ వివరాలు లేని సమాచారం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

గాల్‌లోని డ్రూయిడ్‌లు, అంటే కెల్టుల పూజారులు, తమ విద్యను అక్షరాల్లో పెట్టడానికి సమ్మతించేవారు కాదని జూలియస్ సీజర్ తన గాల్ యుద్ధ వృత్తాంతం 6వ భాగంలో రాశాడు. అక్కడి ప్రజలు అందరికంటే ఎక్కువగా మెర్క్యురీని, ఆ తర్వాత అపోలో, మార్స్, జూపిటర్, మినర్వాలను కొలుస్తారని కూడా అక్కడే చెప్పాడు. స్థానిక దేవతలను తమ దేవతల పేర్లతో పిలవడం రోమన్ల అలవాటు కనుక, అసలు పేర్ల కోసం శాసనాలను, శిల్పాలను చూడవలసిందే. టైబీరియస్ చక్రవర్తి కాలంలో సెయిన్ నది పడవవాళ్లు ప్రతిష్ఠించిన రాతిస్తంభం పారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చి కింద బయటపడింది. దాని మీద జూపిటర్‌తో పాటు ఎసుస్, కొమ్ములు ధరించిన కెర్నున్నోస్ కూడా పేర్లతో సహా కనిపిస్తారు. 1891లో డెన్మార్క్‌లోని ఒక బురదనేలలో దొరికిన గుండెస్ట్రుప్ వెండి పాత్ర మీద కూడా దుప్పి కొమ్ములతో కూర్చున్న మూర్తి ఉంది గాని, అక్కడ పేరు లేదు. ఆ మూర్తిని కెర్నున్నోస్ అనడం పోలికను బట్టి పండితులు చేసిన నిర్ణయం మాత్రమే. ఇలాంటి చోట్ల ‘పేరు చెక్కి ఉంది’, ‘పోలికను బట్టి’ అని వేరువేరుగా గుర్తు పెట్టుకోండి. కెర్నున్నోస్‌ను గురించి ప్రాచీన కథ ఒక్కటి కూడా మిగలలేదు కనుక, ఆయన జీవితచరిత్రను వివరంగా చెప్పే పుస్తకాన్ని సందేహించడం న్యాయమే. ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణపు వేడినీటి ఊటల దేవత సులిస్ విషయంలో మాత్రం సాక్ష్యం సమృద్ధిగా ఉంది. తమ వస్తువులు దొంగిలించినవారిని శిక్షించమని భక్తులు సీసపు రేకుల మీద రాసి ఊటలో వేసిన మొరలు ఇప్పటికీ చదవడానికి దొరుకుతాయి.

కథలు కావాలంటే ఐర్లండ్‌కు వెళ్లాలి, ఎక్కువ సమయం కేటాయించవలసింది కూడా ఇక్కడే. ఈ కథలను రాసిపెట్టినవారు క్రైస్తవ లేఖకులు. వారు పాత దేవతలను తూఆహా డే డానన్ అనే మానవాతీత జాతిగా చిత్రించారు. మొదట మాగ్ తూరెద్ రెండవ యుద్ధగాథను చదవండి. దాని ప్రధాన రాతప్రతి 16వ శతాబ్దిదే అయినా, కథ అంతకు ఎన్నో శతాబ్దాల ముందుది. అందుకే ప్రతి కథకూ రాతప్రతి కాలాన్ని, కథ పుట్టిన కాలాన్ని విడివిడిగా రాసుకోవాలి. ఆ జాతి రాజు నువాదా చేయి తెగడంతో రాజ్యానికి అనర్హుడవుతాడు. వైద్యుడు దియాన్ కెహ్త్ అతనికి వెండి చేయి అమరుస్తాడు. వైద్యుడి కొడుకు మియాహ్ ఇంకా గొప్పగా అసలు చేతినే తిరిగి అతికిస్తే, తండ్రి అసూయతో కొడుకును చంపుతాడు. మియాహ్ సమాధి మీద మొలిచిన 365 మూలికలను అతని సోదరి గుణాలను బట్టి వేరుచేసి పెట్టగా, తండ్రి వాటిని కలిపేస్తాడు. రాజు ఉండే తారా కోట ద్వారం దగ్గర, లోపలికి రావాలని వచ్చిన లూగ్ అనే వీరుడు తాను వడ్రంగిననీ, కమ్మరిననీ, వీరుడిననీ, వీణ వాయించేవాడిననీ, కవిననీ, వైద్యుడిననీ ఒక్కొక్కటిగా చెబుతాడు. ఆ పని తెలిసినవాడు లోపల ఉన్నాడని ద్వారపాలకుడు ప్రతిసారీ బదులిస్తాడు. అప్పుడు ఇవన్నీ తెలిసిన ఒక్క మనిషి మీ రాజు దగ్గర ఉన్నాడా అని లూగ్ అడుగుతాడు. సమస్త విద్యలూ తెలిసినవాడన్న బిరుదు అతనికి ఉంది. కథ చెబుతున్నది ఇది కాగా, అతన్ని సూర్యదేవుడని తేల్చేయడం కథను చదవకుండా ముద్ర వేయడమే అవుతుంది. మోరిగన్‌ను ‘యుద్ధదేవత’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడమూ అలాంటిదే. ఆమె భవిష్యత్తు చెబుతుంది, యుద్ధానికి ముందు నది ఒడ్డున తూఆహా డే డానన్ ప్రముఖుడు దగ్దాను కలుస్తుంది, మరో గాథలో మలుగుపాముగా, తోడేలుగా, ఆవుపెయ్యగా మారి ఐరిష్ వీరుడు కూ హులిన్‌ను ఎదిరిస్తుంది.

బ్రిజిత్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సుమారు క్రీ.శ. 900 నాటి కోర్మాక్ పదకోశం ఆమెను కవులు ఆరాధించే దేవతగా, దగ్దా కూతురుగా పేర్కొని, అదే పేరుతో వైద్యానికి ఒకరు, కమ్మరానికి ఒకరు సోదరీమణులు ఉన్నారని చెబుతుంది. కిల్డేర్‌కు చెందిన సెయింట్ బ్రిజిడ్ పండుగ ఫిబ్రవరి 1న వస్తుంది. ఈ ఇద్దరి గాథలూ ఎక్కడ కలుస్తాయో పండితులు నేటికీ చర్చిస్తున్నారు కనుక, ఇద్దరికీ వేర్వేరు పుటలు ఉంచండి.

వేల్స్ కథల్లో రియానన్, బ్రాన్, హ్లెయ్ వంటివారిని ఎక్కడా దేవతలని పిలవరు. గుర్రంతో ముడిపడిన రియానన్‌ను గాల్‌కు చెందిన అశ్వదేవత ఎపోనాతో పోల్చడం ఊహ. నువాదా పేరుకూ, ఇంగ్లండ్‌లోని లిడ్నీలో ఆలయమున్న నోడెన్స్ అనే దేవుడి పేరుకూ ఉన్న సంబంధాన్ని మాత్రం భాషాశాస్త్రం బలపరుస్తుంది. ఈ రెంటినీ ఒకే స్థాయి ఆధారాలుగా చూడకూడదు.

డ్రూయిడ్‌ల ప్రాచీన ప్రార్థనలుగా ప్రచారంలో ఉన్నవాటిలో కొన్ని, 1826లో మరణించిన ఇయోలో మోర్గాన్నుగ్ అనే వేల్స్ కవి స్వయంగా కల్పించినవి. చెట్ల పేర్లతో పదమూడు నెలలను చూపే ‘కెల్టిక్ పంచాంగం’ 20వ శతాబ్దపు సృష్టి. వీటిని ఆధునిక రచనలుగా చదవవచ్చు గాని, ప్రాచీన సాక్ష్యంగా నోటుపుస్తకంలోకి ఎక్కించకండి. మాగ్ తూరెద్ తర్వాత మాబినోగి అనే వేల్స్ కథల నాలుగు శాఖలను, ఆపైన కూ హులిన్ గాథను చదవండి. ఐర్లండ్ ఆక్రమణల గ్రంథమైన లేవర్ గవాలాను చివరికి ఉంచండి. దేవతలను బైబిల్ చరిత్రక్రమంలో ఇమిడ్చే ప్రయత్నం అందులో జరిగింది కనుక, మిగిలిన కథలు తెలిసిన తర్వాతే లేఖకులు ఎక్కడ సర్దారో గుర్తించడం సాధ్యమవుతుంది.